సర్వర్లో బ్యాకప్ డిస్క్ బిగించాలంటే ముందు నంబర్ రాసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. టవర్ సర్వర్, లోపల 1 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో (ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేలా) ఉన్నాయి, విండోస్ సర్వర్ 2019. ట్యాలీ, స్లాబుల ఫోటోలు, ఎక్స్‌పోర్ట్ కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. బయట పెట్టిన యూఎస్‌బీ డిస్కుని ఎవరో ఒకరు కాలు తగిలించి కింద పడేస్తున్నారని, "లోపలే ఒకటి పెట్టించెయ్, ఎవరి చెయ్యీ తగలదు" అన్నారు మీ ఓనర్ గారు. 4 టీబీ డిస్క్ ఏది కొనాలి, వారంటీ ఎలాగూ అయిపోయింది కాబట్టి నువ్వే బిగించుకోవచ్చా అని నీ సందేహం.

బిగించుకోవచ్చు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే అరగంట పని. ఒంగోల్లో ఇరవై ఏళ్ళ పైనుంచి ఇదే పని చేస్తున్నాను, స్క్రూలు బిగించేటప్పుడు డేటా పోగొట్టినవాణ్ణి నేను చూడలేదు. బిగించాక స్క్రీన్ ముందు కూర్చుని, ఏ డిస్క్ ఏదో చూసుకోకుండా 'ఎస్' కొట్టి పోగొట్టినవాళ్ళని మాత్రం చూశాను. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అది తర్వాత చెప్తాను.

ముందు ఒక మాట. మీ ఆడిటర్ గారు "రెండు డిస్కులు మిర్రర్‌లో ఉన్నాయిగా, మళ్ళీ బ్యాకప్ ఎందుకు" అన్నారని రాశావు. మిర్రర్ ఉన్నది ఒక డిస్క్ చచ్చినా ఆఫీసు పని ఆగకుండా ఉండటానికి. పొద్దున పదకొండింటికి ఎవరో ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండింట్లోనూ పోతుంది. నిన్నటి రూపం ఎక్కడో విడిగా ఉండాలి, దాన్నే బ్యాకప్ అంటాం. ఆయనకి ఇంకో మాట కూడా గుర్తు చెయ్యి. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, కంప్యూటర్లో ఉంచే లెక్కల పుస్తకాల బ్యాకప్ మన దేశంలోనే ఉన్న సర్వర్లో రోజూ ఉండాలని 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ నియమాలు మార్చారు. అంతకుముందు 'అప్పుడప్పుడు' అని ఉండేది. పుస్తకాలేమో 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. ఈ ముక్క చెప్తే ఆడిటర్ గారు ఇక మాట్లాడరు.

ఇప్పుడు డిస్క్ కొనకముందు పని. సర్వర్ పక్క తలుపు తీసి చూడు. పాత డిస్కులు మదర్‌బోర్డు నుంచి వచ్చే సాటా కేబుళ్ళతో, స్క్రూలతో మామూలు కంప్యూటర్లో లాగా ఉన్నాయా? లేక ముందువైపు నుంచి హ్యాండిల్ లాగితే బయటికొచ్చే ట్రేలలో ఉన్నాయా? మొదటిదైతే ఖాళీ సాటా పోర్టు ఒకటి, ఖాళీ పవర్ కనెక్టర్ ఒకటి, డిస్క్ పట్టే ఖాళీ అర ఒకటి ఉంటే చాలు. రెండోదైతే డిస్కుల వెనకాల బ్యాక్‌ప్లేన్ అనే బోర్డు ఉంటుంది, దాని కేబుల్ మిర్రర్‌ని నడిపే రైడ్ కంట్రోలర్ కార్డుకి పోతుంది. అప్పుడు ట్రే కూడా కొనాలి. ఖాళీ అరల్లో ఉండే ప్లాస్టిక్ ముక్కని చూసి ట్రే ఉందనుకుంటారు చాలామంది, అది ఉత్త మూత. అసలు ట్రే మన ఒంగోలు షాపుల్లో దొరకడం కష్టం, మోడల్ నంబర్ ఇచ్చి తెప్పించుకోవాలి. డిస్క్ ముందొచ్చి ట్రే వారం తర్వాత వస్తే ఆ వారమంతా డిస్క్ బీరువాలోనే.

సాస్ అని సర్వర్ల కోసం చేసే ఇంకో రకం డిస్కుల గొడవ ఒకటుంది. పాత సర్వర్లలో తీసినవి చవగ్గా వస్తాయి, చూడ్డానికి సాటా డిస్క్ లాగే ఉంటాయి. సాటా డిస్క్ సాస్ బ్యాక్‌ప్లేన్‌లో పడుతుంది. సాస్ డిస్క్ మాత్రం మామూలు సాటా కేబుల్‌కి ఎక్కదు, కనెక్టర్ మధ్యలో సందు పూడ్చేసి ఉంటుంది. ఎక్కట్లేదని నొక్కొద్దు.

ఏ డిస్క్ అంటావా, కంపెనీ పేరు నేను చెప్పను. సీఎమ్ఆరా, ఎస్ఎమ్ఆరా అన్నది చూడు, డేటా షీటులో ఉంటుంది. డిస్క్ మీద డేటా రాసే పద్ధతులివి. సీఎమ్ఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, విడివిడిగా ఉంటాయి. ఎస్ఎమ్ఆర్‌లో ట్రాకులు పెంకుటింటి మీద పెంకుల్లాగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకే డిస్కులో ఎక్కువ పడుతుంది కాబట్టి చవక. కాని మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదకి ఎక్కినవన్నీ కదిలించాలి కదా, ఇదీ అంతే. రాసిన చోటే మళ్ళీ రాయమంటే డిస్క్ నత్తనడక పడుతుంది. రోజూ మారినవాటినే రాసుకునే బ్యాకప్‌కి అది సరిపడదు. నాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్ళు దాచే పెట్టె) కోసమని అమ్మే సీఎమ్ఆర్ డిస్క్ తీసుకో, రోజంతా తిరగడానికి చేసినవి. సైజు నువ్వనుకున్న 4 టీబీ సరిపోతుంది. మీ 1 టీబీ నిండినా దానికి నాలుగింతలు, పాత తేదీల కాపీలు చాలాకాలం నిలుస్తాయి. విండోస్‌లో 3.63 అని చూపిస్తుంది, షాపువాడితో పోట్లాడకు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1024తో లెక్కేస్తుంది. వచ్చిన డిస్క్ కొత్తదో కాదో మాత్రం క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి తిరిగిన గంటలు చూసుకో. కొత్తదాంట్లో సున్నాకి దగ్గర్లో ఉండాలి. వేలల్లో ఉంటే తిరిగి పంపించెయ్.

నా కథ ఇక్కడే చెప్పాలి, బిగించే ముందు చేయాల్సిన పని ఇందులోనే ఉంది. చాలా ఏళ్ళ కిందట, పొగాకు వేలం సీజన్లో, ఒక వ్యాపారి ఆఫీసుకి రాత్రి తొమ్మిదింటికి పోయాను. పగలు సిస్టమ్ ఆపనివ్వరు మరి. లోపల అప్పటికే 500 జీబీ డిస్క్ ఒకటి ఉంది, నిండా స్కాన్ చేసిన బిల్లులు. నేను బ్యాకప్ కోసం పట్టుకుపోయింది కూడా 500 జీబీనే, అదే కంపెనీ, అదే మోడల్. దుమ్ము దులుపుదామని కేబుళ్ళు పీకి, మళ్ళీ పెట్టేటప్పుడు పోర్టులు మారాయి. స్క్రీన్ మీద డిస్క్ 1, డిస్క్ 2 అని పక్కపక్కన రెండూ ఒకే సైజు. ఇందాక కొత్తది రెండోదే కదా అనుకుని రెండోదాన్ని ఫార్మాట్ కొట్టి, కాపీ పెట్టి, టీ తాగడానికి బయటికెళ్ళాను. నలభై నిమిషాల తర్వాత తిరిగొచ్చి చూస్తే, బిల్లులుండాల్సిన చోట నా కాపీ నిండుతోంది. కొత్త డిస్క్ పక్కన ఖాళీగా కూర్చుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు పెట్టి రెండు రోజులు కూర్చున్నా, పైన రాసేసిన భాగం రాలేదు. ఆ వ్యాపారి పెద్దమనిషి, ఒక్క మాట అనలేదు. గుమస్తా మాత్రం కాగితం బిల్లుల కట్టలు విప్పి మళ్ళీ స్కాన్ చేస్తూ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. డిస్క్ స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, ఎస్ఎన్ అని రాసి. అందులో చివరి నాలుగక్షరాలు తెల్ల టేపు మీద మార్కర్‌తో రాసి, బిగించాక కూడా కనపడే అంచున అంటిస్తాను. పాత డిస్కులకీ అంతే. అవే నంబర్లు, ఏది దేనికో, తేదీతో సహా ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలివైపు అంటిస్తాను. స్క్రీన్ మీద ఫార్మాట్ కొట్టే ముందు సీరియల్ చూసి కాగితంతో సరిపోల్చుకుంటాను. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్‌లో గెట్-ఫిజికల్‌డిస్క్ కమాండ్‌తో సీరియల్ నంబర్ అడిగితే చూపిస్తుంది. కంట్రోలర్ కార్డు వెనకున్న డిస్కులదైతే కార్డు సాఫ్ట్‌వేర్లో చూడాలి. మీకు పాతవి 1 టీబీ, కొత్తది 4 టీబీ కాబట్టి సైజులోనే తేడా తెలుస్తుంది, అదృష్టం. అయినా టేపు వెయ్యి. రెండేళ్ళ తర్వాత మిర్రర్లో ఒకటి చచ్చినప్పుడు ఏది పీకాలో ఆ టేపే చెప్తుంది.

ఇక పని మొదలుపెట్టే రోజు. సాయంత్రం బిల్లింగ్ అయిపోయాక, ట్యాలీ డేటా, ముఖ్యమైన ఫోల్డర్లు ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి తెరుచుకుంటుందో లేదో చూడు. ఇది మాత్రం చెయ్యకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. తర్వాత మిర్రర్ ఆరోగ్యంగా ఉందో చూడు. రెండింట్లో ఒకటి ఎప్పుడో చచ్చి, మిగిలిన ఒక్కదాని మీదే ఏడాదిగా బండి నడుస్తున్న ఆఫీసులు నాకు బాగా తెలుసు. 'డిగ్రేడెడ్' అని కనిపిస్తే కొత్త డిస్క్ సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని బాగుచేయించు.

షట్‌డౌన్ చేసి పవర్ కార్డు పీకు. కొన్ని టవర్లకి పవర్ సప్లైలు రెండుంటాయి, రెండు కార్డులూ పీకాలి. పీకాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు పోతుంది, మదర్‌బోర్డు మీద చిన్న లైటు ఉంటే ఆరిపోతుంది. తలుపు తీయగానే ఫోన్‌తో ఫోటో తియ్యి, ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో తెలిసేట్టు.

మీ ఊళ్ళో దుమ్ము సంగతి వేరే చెప్పాలా! రామతీర్థం రోడ్డు మీద లారీ వెనకాల బండి మీద పోయినవాడికి తెలుసు. కటింగ్ దగ్గర్నుంచి వచ్చే ఆ రాతిపొడి ఫ్యాన్ రెక్కల మీద పేరుకుని, చెమ్మ తగిలి గట్టిపడుతుంది. బాక్సుని బయట వరండాలోకి తెచ్చి బ్లోయర్ పెట్టు. ఫ్యాన్ రెక్కని మాత్రం వేలితో ఆపి పట్టుకో, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. స్టాటిక్ కరెంటు మన సముద్రగాలికి, చెమ్మకి తక్కువే, కాని ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది. డిస్క్ ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వెయ్యని ఇనుము మీద చెయ్యి ఆనించు.

డిస్కుని ముందు ఫ్యాన్ గాలి తగిలే అరలో, వీలైతే పక్క డిస్కుకి ఒక అర ఎడం ఉంచి పెట్టు. మూడున్నర అంగుళాల డిస్కుకి లావు మరల 6-32 స్క్రూలు, రెండున్నర అంగుళాల వాటికి సన్న మరల ఎమ్3. డబ్బాలో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి. సన్నది లావు రంధ్రంలో ఊరికే తిరుగుతుంది, లావుది సన్న రంధ్రంలో మర చెడగొడుతుంది. నాలుగు స్క్రూలూ బిగించు. రెండు చాలనుకుంటే డిస్క్ అదురుతుంది, అసలే పక్కన క్వారీల్లో బ్లాస్టింగులు. సాటా కేబుల్ కొత్తది, క్లిప్ ఉన్నది వాడు.

పవర్ కనెక్టర్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఖాళీ సాటా పవర్ లేదని, పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక కన్వర్టర్ పెడతారు. అందులో ప్లాస్టిక్ పోతపోసి చేసినవి లోపల షార్టయి కాలిన సందర్భాలు నేను చేత్తో పట్టుకుని చూశాను, కనెక్టర్ నల్లగా మాడి డిస్కుకి అతుక్కుపోయి ఉంటుంది. వైర్లు వెనక నుంచి విడివిడిగా దిగి కనపడే రకం కొంత మేలు. ఎస్ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై పెట్టె) నుంచి నేరుగా వచ్చే సాటా పవరే అన్నిటికంటే మంచిది.

అన్నీ సరిగా పెట్టావు, డిస్క్ అసలు తిరగట్లేదు, చెవి పెట్టినా చప్పుడు లేదు. వెంటనే పోయిందనుకోకు. కొన్ని కొత్త రకం పెద్ద డిస్కులకి పవర్ కనెక్టర్లో మూడో పిన్ను ద్వారా డిస్కుని ఆపే ఏర్పాటు ఉంటుంది. పాత ఎస్ఎమ్‌పీఎస్‌లు ఆ పిన్నుకి 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటాయి, డిస్క్ దాన్ని 'ఆగు' అనే ఆర్డర్ అనుకుంటుంది. ఇలాంటప్పుడు ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడు. అక్కడ తిరిగితే డిస్కులో లోపం లేనట్టే. అమ్మినవాడిని అడిగి ఆ ఏర్పాటు లేని మోడల్‌కి మార్చుకోవడం సుఖం.

ఆన్ చేశాక బయోస్‌లోకి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర) వెళ్తే రెండే చూడు, మూడోది ముట్టుకోకు. కొత్త డిస్క్ కనపడుతోందా, బూట్ వరసలో పాత మిర్రరే మొదట ఉందా. అంతే. ఆ ముట్టుకోకూడని మూడోది సాటా మోడ్. మీ మిర్రర్ మదర్‌బోర్డు రైడ్ మీద ఉంటే ఆ మోడ్ 'రైడ్' అని ఉంటుంది, కొత్త డిస్క్ కోసం దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మారిస్తే సర్వర్ పైకి లేవదు.

కంట్రోలర్ కార్డు ఉన్న సర్వర్ అయితే డిస్క్ పెట్టగానే విండోస్‌లో కనపడకపోవచ్చు. కార్డు మెనూలోకి వెళ్ళి ఆ ఒక్క డిస్కుని 'నాన్-రైడ్' అని మార్చాలి, ఆ వీలు లేని కార్డు అయితే ఆ ఒక్కదానితోనే రైడ్ 0 ఒకటి తయారుచెయ్యాలి. వేరే సర్వర్లో వాడిన డిస్క్ అయితే 'ఫారిన్' అని చూపిస్తుంది, ఇంపోర్ట్ చెయ్యొద్దు. అదే మెనూలో 'క్లియర్ కాన్ఫిగరేషన్' అని ఇంకోటి ఉంటుంది. మీ మిర్రర్‌తో సహా మొత్తం తుడిచేసేది అదే. ఈ మెనూలో నీకు నమ్మకం లేకపోతే ఒక్క గంటకి తెలిసినవాణ్ణి పిలిపించుకో, నామోషీ ఏం లేదు.

విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. సర్వర్ విండోస్‌లో కొత్త డిస్క్ చాలాసార్లు 'ఆఫ్‌లైన్' అని ఉంటుంది, రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చెయ్యి. ఇనిషియలైజ్ చేయమంటే జీపీటీ ఎంచుకో. ఎమ్‌బీఆర్ ఎంచుకుంటే 2 టీబీ దాటి వాడనివ్వదు. అక్కడితో ఆగు, డ్రైవ్ లెటర్ ఇవ్వొద్దు, ఫార్మాట్ చెయ్యొద్దు. సర్వర్ మేనేజర్లో 'విండోస్ సర్వర్ బ్యాకప్' ఫీచర్ వేసుకో, డబ్బు కట్టక్కర్లేదు, కాని ముందే వేసి ఉండదు. అందులో బ్యాకప్ షెడ్యూల్‌కి వెళ్ళి 'ఫుల్ సర్వర్' ఎంచుకో. ఎక్కడ దాచాలని అడిగినప్పుడు 'బ్యాకప్ కోసమే కేటాయించిన డిస్క్' అనే మొదటిది తీసుకో. వేళ రాత్రి 9 అని అదే పెట్టి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఇంకోటి కలుపు, పొద్దుటి ఎంట్రీలు కూడా భద్రం.

ఇది చేశాక డిస్క్ మై కంప్యూటర్లోంచి మాయమవుతుంది. "అన్నా, డిస్క్ కనపడట్లేదు, పోయినట్టుంది" అని నాకు ఎన్ని ఫోన్లో. పోలేదు, విండోసే దాచింది. ఎవరూ అందులో సినిమాలు వెయ్యకుండా అది మేలే. మొదటి రోజు మొత్తం రాస్తుంది కాబట్టి 600 జీబీ డేటాకి గంట పైనే పడుతుంది. తర్వాత నుంచి మారినవే. స్థలం నిండితే పాతవి అదే తీసేస్తుంది.

మర్నాడు పొద్దున్నే 'రికవర్' నొక్కి, ట్యాలీ డేటా ఫోల్డర్‌ని వేరే చోటికి తెప్పించు. అసలు దాని మీదకి కాదు, 'వేరే చోటు' అని ఉంటుంది. ఆ కంపెనీని ట్యాలీలో తెరిచి నిన్నటి చివరి వోచర్ నంబర్ చూడు. సరిపోతే ఆ కాపీ తీసెయ్. నెలకొకసారి ఇదే పని, క్యాలెండర్లో జీతాల రోజు పక్కన రాసుకుంటే మర్చిపోవు. పచ్చటి టిక్ చూసి మూడేళ్ళు ధీమాగా ఉన్న ఒక ఆసామి, తీరా అవసరం పడ్డ రోజున చూస్తే బ్యాకప్ అవుతున్నది సీ డ్రైవ్ ఒక్కటే, డేటా ఉన్నది డీలో.

ఇప్పుడు మీ ఓనర్ గారికి నచ్చని మాట. లోపల పెట్టిన డిస్క్ ఆ బాక్సు తలరాతనే పంచుకుంటుంది. 2021 నవంబర్లో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కోసుకుపోయాయి గుర్తుందా. ఆ వరదల్లో కోవూరు వైపు నాకు తెలిసిన ఒక రైస్ మిల్లు ఆఫీసులో టేబుల్ కింద పెట్టిన సర్వర్ మునిగింది. లోపల మిర్రర్ రెండు, బ్యాకప్ డిస్క్ ఒకటి, నేనే పెట్టాను. మూడూ ఒకే బురద నీళ్ళలో. వాళ్ళని కాపాడింది అంతకు నాలుగు రోజుల ముందు మిల్లు ఓనర్ కొడుకు నెల్లూరు ఇంటికి పట్టుకెళ్ళిన యూఎస్‌బీ డిస్క్. పిడుగు పడినా, ఎవరైనా బాక్సునే ఎత్తుకుపోయినా ఇదే లెక్క. రాన్సమ్‌వేర్ అయితే ఇంకా తెలివైనది, అడ్మిన్ పాస్‌వర్డ్ చిక్కితే ముందు బ్యాకప్ జాడలన్నీ తుడిచి తర్వాతే ఫైళ్ళకి తాళం వేస్తుంది. ఇంటి నుంచి పని చేయడానికని రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టి ఉంటే ఈరోజే మూసెయ్.

అందుకని లోపలి డిస్క్ పెట్టు, దాంతో పాటు కింద పడుతున్న ఆ యూఎస్‌బీ డిస్కుల్ని మానకు. రెండు కొని, అదే బ్యాకప్ షెడ్యూల్‌లో వాటినీ కలుపు, కలిపేటప్పుడు అవీ ఖాళీ అవుతాయి, పాత డేటా ఉంటే ముందే తీసుకో. శనివారం ఒకటి తగిలించి, రెండోది ఓనర్ గారి కారులో ఒంగోలు ఇంటికి. వారం మార్చి వారం. తగిలించి ఉంచే డిస్కుని కాలికి తగిలే చోట కాకుండా గోడకి చిన్న చెక్క అల్మారా కొట్టించి అందులో పెట్టు, కార్పెంటర్‌కి గంట పని.

వేసవిలో ఏసీ ఆపేసి ఇంటికెళ్ళే అలవాటుంటే మానిపించు. చాలా డిస్కులకి కంపెనీ ఇచ్చే హద్దు 60 డిగ్రీలే, రోహిణి కార్తెలో మూసిన గదిలో అక్కడిదాకా పోవడం పెద్ద కష్టం కాదు. నేనైతే 45 దాటితే ఫ్యాన్లు చూస్తాను.

కర్నూలు రోడ్డు మీదుగా ఒంగోలు వచ్చే ముందు ఫోన్లో మూడు ఫోటోలు తీసుకో: డిస్కులున్న అర, మదర్‌బోర్డు మీద సాటా పోర్టులు, ఎస్ఎమ్‌పీఎస్ నుంచి వచ్చే ఖాళీ కనెక్టర్లు. సర్వర్ వెనకాల స్టిక్కర్ మీది మోడల్ నంబర్ కూడా. షాపులో అవి చూపించి, డిస్కుకి తోడు ట్రేనో, కేబులో, స్క్రూలో ఏది కావాలో అన్నీ ఒకేసారి తీసుకుని వెళ్ళు. తెల్ల టేపు, మార్కర్ మాత్రం మీ ఆఫీసులోనే ఉంటాయి, స్లాబుల మీద నంబర్లు రాసేవాళ్ళనడుగు.